రెండు సీట్ల బండి

“కాస్త పక్కకి జరుగు, కనబడ్డం లేదు,” అన్నాడు మా ఆయన.

నేను అన్నదమ్ములిద్దరి ముందు నుంచి ఎంగిలి కంచాలు తీస్తున్నాను. నీళ్ళ జగ్గుకి ఆనించిన ఫోనులో ఒక బండి బురదలోంచి గుట్ట ఎక్కుతోంది. జీపు కాదు, ట్రాక్టరూ కాదు. ముందు సీట్లు, వెనక సామానుకి తొట్టి, నెత్తిన ఇనుప చట్రం. తోటల్లో మనుషుల్నీ బరువుల్నీ మోయడానికని చేసిన బండి. నేను పక్కకి జరిగాను. మరిది కళ్ళు ఫోను మీద నుంచి తిప్పకుండానే తన కంచం ఎత్తి నా చేతికిచ్చాడు.

రెండు నెలలుగా భోజనాల దగ్గర ఇదే మాట. ఏ కంపెనీది, డీజిలా బ్యాటరీయా, ఎంత ఎత్తు ఎక్కుతుంది, తొట్టి దానంతటదే పైకి లేస్తుందా. మరిదిని ఇంట్లో అందరూ ఇంజనీరు అంటారు. చదివి కాదు, ఏ మిషను మొరాయించినా ముందుగా విప్పేది అతనే కాబట్టి. మళ్ళీ బిగించడం ఆ బిరుదులోకి రాదు. పట్నంలో ఓ మెకానిక్ షెడ్డులో పని. మా ఆయనకి అక్కడే ఆఫీసు ఉద్యోగం. ఇద్దరూ ఒకే మోటారు సైకిలు మీద పొద్దున్నే వెళ్ళి సాయంత్రానికి వస్తారు.

మా ఇల్లు ఏటవాలు నేలకి పైకొసన ఉంటుంది. కింద రోడ్డు, రోడ్డు పక్కన గేటు, గేటు నుంచి ఇంటిదాకా కంకర దారి, దారికి రెండు పక్కలా నిమ్మతోట. దారి నడుమ వాననీళ్ళు కోసేసిన పెద్ద గాడి ఒకటుంది. కార్లూ వ్యాన్లూ దాన్ని దాటవు. కాబట్టి గేటు దగ్గరికి వచ్చిన ప్రతిదీ మనిషి మీదే పైకి రావాలి. గ్యాసు సిలిండరు, మేకల దాణా, ఎరువు బస్తాలు, ఎండాకాలంలో తాగే నీళ్ళ క్యాన్లు. పైన కోసిన నిమ్మకాయలు మళ్ళీ అలాగే కిందికి దిగాలి. దానికి నా దగ్గరున్నది ఒంటి చక్రం తోపుడు బండి. తోట మా ఆయనది, తోట పని నాది. మీ ఆవిడ ఏం చేస్తుందని ఎవరైనా అడిగితే ‘ఇంట్లోనే ఉంటుంది’ అంటాడు. అందులో అబద్ధమేమీ లేదు, తోట ఇంటి చుట్టూనే కదా ఉంది.

ఆ రోజు కంచాలు తీసేశాక, చేతులు తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడి అన్నాను. “నాలుగు సీట్లది తీసుకుంటే బావుంటుందేమో.”

ఇద్దరూ తలెత్తారు, గోడ మాట్లాడినట్టు.

“ఎవరు కూర్చోడానికి?” అన్నాడు మా ఆయన.

“అత్తయ్య ఉంది కదా. డాక్టరు దగ్గరికి దిగాలంటే నా భుజం మీద వాలి గంట సేపు నడుస్తోంది. కోతకొచ్చే ఆడవాళ్ళున్నారు. ఇంకా...”

“అమ్మ దిగేది నెలకోసారి. దానికోసం తొట్టి సగం చేసుకుంటామా?”

“పేలోడు తగ్గిపోతుంది వదినా,” అన్నాడు మరిది, చిన్నపిల్లకి చెప్పినట్టు. “పేలోడంటే, బండి మొయ్యగలిగిన బరువు.”

లోపలి గదిలోంచి అత్తయ్య గొంతు వచ్చింది. “వాళ్ళు చూసుకుంటారులేవే. నీకెందుకా గోల?”

నేను వంటింట్లోకి వెళ్ళి అంట్లు తోమాను. బండి మొయ్యగలిగిన బరువు ఎంతో చెప్పడానికి ఒక మాట ఉందని ఆ రోజే తెలిసింది. నాకు అలాంటి మాటేదీ ఎవరూ పెట్టలేదు. పెళ్ళయిన కొత్తలో సగం బస్తా మోసేదాన్ని. తర్వాత నిండు బస్తా. ఎప్పుడు సగం నిండయిందో నాకూ గుర్తులేదు. నడుము పట్టేస్తే అత్తయ్యే కాపడం పెట్టేది. పెడుతూ, “మా రోజుల్లో ఈ తోపుడు బండి కూడా లేదు,” అనేది. అది ఓదార్పో దెప్పో నాకెప్పుడూ తేలలేదు. ఆవిడ మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. అలిసిపోయిన మనిషి. నా వంతు వచ్చిందని కాస్త ఊపిరి పీల్చుకున్న మనిషి.

బండి చూడ్డానికి షోరూముకి నన్నూ తీసుకెళ్ళారు. అమ్మే అతను నడివయసు మనిషి, మర్యాదస్తుడు. మా ముగ్గురికీ మంచినీళ్ళు ఇచ్చి, ఇద్దరికి కుర్చీలు వేశాడు.

“ఎక్కువగా ఎవరు నడుపుతారండి?”

“నేనూ, మా తమ్ముడూ,” అన్నాడు మా ఆయన.

“ఎంతమంది ఎక్కుతుంటారు?”

“మనుషులెంతమందండీ, మేమిద్దరమే. మిగతాదంతా సామానే.”

నేను ఆయన కుర్చీ వెనకే నిలబడి ఉన్నాను. ఆయన దాపరికంతో అనలేదు, నన్ను బాధపెట్టాలనీ అనలేదు. నిజంగానే లెక్కపెట్టి చెప్పాడు.

కాసేపటికి నేనే నోరు తెరిచాను. “నిండు బరువుతో పల్లంలోకి దిగేటప్పుడు ఆగుతుందా? బరువే బండిని తోసుకుపోదా?”

“మంచి ప్రశ్నండి,” అన్నాడు అమ్మే అతను, మా ఆయనతో. ఇంజనే పట్టి ఎలా ఆపుతుందో ఆయనకే వివరంగా చెప్పాడు. ఆయన తలూపాడు. చివర్లో ఆ మనిషి ఒక మాటన్నాడు. “ఒకటి గుర్తుంచుకోండి. తొట్టిలో మనుషుల్ని మాత్రం ఎక్కించకూడదు. అక్కడ బెల్టులుండవు, పట్టుకోడానికి ఏమీ ఉండదు. మనుషులు కూడా ఉంటే ఇదిగో ఈ నాలుగు సీట్లది చూడండి. వెనక సీటు మడిచేస్తే తొట్టి పెద్దదవుతుంది, కావాలంటే మళ్ళీ సీటవుతుంది.”

చెయ్యి పెట్టి మడిచి చూపించాడు కూడా. అంత తేలిక. నేను మా ఆయన మొహంలోకి చూశాను.

“ఈ మడతలూ గిడతలూ తొందరగా పాడవుతాయండి,” అన్నాడు ఆయన. మరిది అవునన్నాడు. రెండు సీట్లది ఖాయమైంది. అప్పుడు మా ఆయన నా వైపు తిరిగి, “రంగు మాత్రం నీ ఇష్టం,” అన్నాడు. ఆ గొంతులో నిజంగానే ప్రేమ ఉంది.

“ఏ రంగైనా నెల తిరక్కుండా మట్టిరంగే,” అన్నాను.

అందరూ నవ్వారు. నేను జోకు వెయ్యలేదు.

బండి వచ్చాక నా పని తగ్గుతుందని అనుకున్నాను. తాళం మరిది జేబులో పొద్దున్నే పట్నం వెళ్ళిపోయేది. పగలంతా బండి ఇంటి పక్క షెడ్డులో నిలబడి ఉంటే, నేను తోపుడు బండితో దాని ముందు నుంచే పోయేదాన్ని. నేర్చుకుంటానని ఒకసారి అడిగాను. “గుట్ట మీద తిరగబడితే ఎవరిది బాధ్యత?” అన్నాడు మా ఆయన. ఇదివరకు కోసిన కాయని రోజంతా కొంచెం కొంచెంగా దింపుకునేదాన్ని. నా ఊపిరే నా లెక్క. ఇప్పుడు సాయంత్రం వాళ్ళు వచ్చేసరికి క్రేట్లన్నీ దారి పక్కకి చేరి ఉండాలి. బండి ఆగుతుంది, ఇంజను నడుస్తూనే ఉంటుంది, నేను ఎత్తి తొట్టిలో పెడతాను. “తొందరగా, డీజిలు కాలుతోంది,” అంటాడు మరిది. నిండగానే వాళ్ళిద్దరూ కిందికి పోతారు. దింపడానికి నేను వెనక నడుచుకుంటూ దిగుతాను. తొట్టి పెద్దది కాబట్టి ఎత్తేది కూడా పెరిగింది.

కోతకొచ్చే ఆడవాళ్ళలో అందరికంటే పెద్దావిణ్ణి మేం పెద్దక్క అంటాం. ఆవిడ ఒకరోజు నేను క్రేట్లు ఎత్తడం చూస్తూ, “ఈ తోటకి నువ్వు కూలిదానివా, యజమానివా?” అంది.

“రెండూ కాదు పెద్దక్కా.”

“మరి రోడ్డవతల ప్యాకింగ్ షెడ్డుకి రారాదూ? కాయ ఏరడం తెలిసినవాళ్ళు కావాలంట. కూర్చుని చేసే పని.”

“అత్తయ్యనెవరు చూస్తారు?” అని నవ్వేశాను. పెద్దక్క నవ్వలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం అత్తయ్య స్నానాల గదిలో జారిపడింది. నేను పరుగెత్తుకెళ్ళేసరికి కాలు పక్కకి తిరిగిపోయి ఉంది. ఆవిడ ఏడవడం లేదు, గోడకేసి చూస్తోంది. అంబులెన్సుకి ఫోను చేస్తే గేటు దాకానే రాగలమన్నారు. “ఈలోగా మనం దించేద్దాం, మన బండి ఉందిగా,” అన్నాడు మా ఆయన.

తొట్టిలో పరుపు వేశాం. పొద్దున్నే ఎరువు దింపిన తొట్టి, కడగడానికి తీరిక లేదు. ముగ్గురం కలిసి ఆవిణ్ణి ఎత్తి పడుకోబెట్టాం. “నువ్వెక్కి పట్టుకో,” అన్నాడు మా ఆయన. నేను ఎక్కి ఆవిడ తల ఒళ్ళో పెట్టుకుని, రెండు కాళ్ళూ వెనక తలుపుకి తన్నిపెట్టి కూర్చున్నాను. అన్నదమ్ములిద్దరూ ముందు కూర్చుని బెల్టులు పెట్టుకున్నారు. పెట్టుకోకపోతే ఆ బండి కూత ఆపదు.

కంకర మీద ప్రతి రాయీ ఆవిడ ఒంట్లోంచి నా ఒంట్లోకి వస్తోంది. పట్టుకోడానికి నిజంగానే ఏమీ లేదు. ఆవిడ నన్ను పట్టుకుంది, నేను ఆవిణ్ణి పట్టుకున్నాను.

“పెద్దాడేడే?” అంది.

“ముందు కూర్చున్నారు అత్తయ్యా.”

“చిన్నాడు?”

“నడుపుతున్నాడు.”

ఆవిడ ఆకాశంలోకి చూస్తూ అంది. “ఈ చిన్నాడు పుట్టేటప్పుడు నన్ను ఈ దారినే దించారు. చెక్కబండిలో, గోనెసంచుల మీద పడుకోబెట్టి. మీ మావగారు ముందు కూర్చున్నారు.”

గాడి వచ్చింది. బండి ఒక పక్కకి ఒరిగి దబ్బున దిగింది. ఆవిడ గోళ్ళు నా చేతిలో దిగబడ్డాయి కానీ నోట్లోంచి చప్పుడు రాలేదు. మా ఆయన తల తిప్పకుండానే, “జాగ్రత్తగా పట్టుకో,” అన్నాడు.

“అప్పుడు వెనక నాకెవరూ లేరు,” అంది అత్తయ్య.

ఇన్నేళ్ళలో ఆవిడ నాతో తన గురించి చెప్పుకున్న మాట అదొక్కటే. ఆవిడ నుదుటి మీద జుట్టు వెనక్కి సవరించాను.

ఆపరేషను చేశారు. బాగానే జరిగిందన్నారు. తర్వాత ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. ఆస్పత్రిలో ఆవిడ దగ్గర నేనే ఉన్నాను, వీళ్ళు సాయంత్రాలు వచ్చి పళ్ళు ఇచ్చి వెళ్ళేవాళ్ళు. ఒక తెల్లవారుజామున ఆవిడ పోయింది. గేటు నుంచి ఇంటికి మళ్ళీ ఆ తొట్టిలోనే వచ్చింది. ఈసారి నన్నెవరూ ఎక్కమనలేదు. పట్టుకోవాల్సిన అవసరం లేదనుకున్నారేమో. నేనే ఎక్కి పక్కన కూర్చున్నాను. ఆవిడ వెనక ఒక్కతే ఉండకూడదనిపించింది.

మా ఆయన వాళ్ళమ్మ కోసం ఏడవలేదని కాదు. రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఆవిడ చెప్పులు గుమ్మం దగ్గర నుంచి తియ్యనివ్వలేదు. ఆయన రాయి అయితే నాకు ఇంకా తేలిగ్గా ఉండేది. ఆయన మామూలు మనిషి. నొప్పి తెలిసిన మనిషి. ఆ నొప్పి నాక్కూడా ఉంటుందని మాత్రం ఎందుకో తోచని మనిషి. ఇల్లు నెమ్మదిగా తన పాత చప్పుళ్ళలో పడింది. లోపలి గదిలోంచి ‘ఏమే’ అని పిలిచే గొంతు తప్ప అన్నీ తిరిగొచ్చాయి. ఆ పిలుపుకి విసుక్కున్న నేనే పని మధ్యలో ఆగి దానికోసం వినేదాన్ని.

ఒకరోజు భోజనాల దగ్గర మళ్ళీ బండి మాట వచ్చింది. టైర్లు అరుగుతున్నాయంటున్నాడు మరిది. మా ఆయన కూర కలుపుకుంటూ, నిదానంగా, తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. “ఏదేమైనా రెండు సీట్లదే నయమైంది. నాలుగు సీట్లది కొనుంటే ఇప్పుడు వెనక సీటు ఊరికే ఖాళీగా పడుండేది.”

మరిది తలూపాడు. నేను చేతిలో గరిటెతో వాళ్ళ పక్కనే నిలబడి ఉన్నాను. నాకు కోపం రాలేదు. కోపం రావాలంటే ఆయన నన్ను కాదనాలి. ఆయన నన్ను కాదనలేదు, నా వైపు చూపే పోలేదు. అత్తయ్య ఈ ఇంట్లో ఒక జీవితమంతా మోసి, ఆఖరికి ఒక సీటు మిగిల్చి వెళ్ళింది. ఆవిడ తర్వాత ఆ వరసలో నేనే. ఇలాగే ఒకరోజు కాలు జారి పడతాను. అప్పుడు నా తల ఒళ్ళో పెట్టుకోడానికి వెనక ఎవరుంటారు? నేను వాళ్ళకి ఇంకో గరిటె వడ్డించి లోపలికొచ్చాను.

మర్నాడు మేకలకి మేత వేసి, రోడ్డు దాటి ప్యాకింగ్ షెడ్డుకి వెళ్ళాను. లోపల చల్లగా ఉంది. బల్లల వెంట వరసగా ఆడవాళ్ళు ఎత్తు స్టూళ్ళ మీద కూర్చుని కాయలు ఏరుతున్నారు. సూపర్‌వైజరమ్మ నా ముందు ఒక క్రేటు పెట్టి చూడమంది. నా చేతులు వాటంతటవే పచ్చివీ, పండినవీ, మచ్చపడినవీ విడదీశాయి. “ఇదివరకు ఎక్కడ చేశారు?” అని అడిగింది. ఇంట్లో అన్నాను. ఆవిడ పని వేళలు చెప్పింది, జీతం చెప్పింది. జీతం మాట నేను ఇంకోసారి చెప్పించుకున్నాను. బయటికొచ్చి గోడ నీడలో కాసేపు నిలబడ్డాను.

ఆ రాత్రంతా ఎవరికీ చెప్పలేదు. మర్నాటి సాయంత్రం వాళ్ళిద్దరూ వచ్చి కాళ్ళు కడుక్కున్నాక చెప్పాను. “సోమవారం నుంచి ప్యాకింగ్ షెడ్డులో పనికి వెళ్తున్నాను.”

“ఎందుకు? ఇప్పుడు మనకేం తక్కువైంది?” అన్నాడు మా ఆయన.

“వెళ్తున్నాను.”

“అదేంటి వదినా, కోత మొదలవబోతోంది,” అన్నాడు మరిది. “క్రేట్లెవరు ఎత్తుతారు?”

“మనిషిని పెట్టుకోండి.”

మా ఆయన నవ్వాడు. తెలియక మాట్లాడేవాళ్ళని చూసి నవ్వినట్టు, ఓపిగ్గానే. “మనిషినా? పొద్దున్నుంచీ తోటలో చేసి, మేకల్ని చూసి, బస్తాలు మోసి, వచ్చి ఇంట్లో వండిపెట్టే మనిషిని పెట్టాలంటే ఎంతవుతుందో నీకేమైనా తెలుసా?”

“నిన్ననే తెలిసింది,” అన్నాను.