పూజలో పెట్టిన ల్యాప్‌టాప్

మహర్నవమి ముందురోజు సాయంత్రం బెంగళూరు రైల్లో మా అశ్విని ధర్మవరం వచ్చింది. నాలుగు వందల మంది లాయర్లున్న పెద్ద కంపెనీలో దానికి ఉద్యోగం. అన్నం తింటూ సంగతి చెప్పింది. ఈ ఏడు జూనియర్ల బోనస్‌ను సగానికి కోసేశారట. ఎందుకో ఎవరూ ఎదురుగా చెప్పలేదు. ఒక మెయిల్ వచ్చింది. దాని వెనకే, ‘మనమంతా ఒకే కుటుంబం’ అని రాసిన స్టీలు నీళ్ల సీసా ఒకటి వచ్చింది.

“సీసా బాగుండాది కదే. మజ్జిగకు పనికొస్తాది” అంది నా భార్య జ్యోతిలక్ష్మి.

“నేను మండిపోతాంటే నీకు మజ్జిగ కావల్సొచ్చిందామ్మా? రేపు రాజీనామా రాసి పంపిస్తా.”

రెండేళ్లు రాత్రనక పగలనక చేసిన పనిని ఎవరూ గుర్తించలేదన్నదే దాని బాధ. అందులో న్యాయముంది. కానీ ఆ పనంటే దానికి ప్రాణం. కోపంలో వదిలేసి తర్వాత ఏడుస్తుందేమోనని నా భయం.

నవమి పొద్దున ఆయుధ పూజకు మా రెండు మగ్గాలూ తుడిచి, పోగును అటూ ఇటూ నడిపే నాడెలకు, కత్తెరకు, మోటారు సైకిలుకు గంధం, కుంకుమ పెట్టాను. పూజలో పెట్టిన పనిముట్టును మరునాడు హారతి ఇచ్చేదాకా మా ఇంట్లో ఎవరూ ముట్టరు. బల్ల మీద అశ్విని ల్యాప్‌టాప్ కనిపించింది. అదీ అన్నం పెట్టే వస్తువే కదా అని అడక్కుండానే తెచ్చి నాడెల పక్కన పెట్టాను. మూత మీద మూడు బొట్లు పెట్టి బంతిపూల దండ వేశాను. రాజీనామా సంగతి నాకు గుర్తు లేదంటే అబద్ధమవుతుంది.

అది స్నానం చేసి వచ్చింది.

“నాయనా, నా ల్యాప్‌టాప్ యాడ?”

చూపించాను.

“అయ్యో! అదేమన్నా ఆయుధమా?”

“నీ మగ్గం అదే కదా పాపా.”

అప్పుడే ఫోన్ మోగింది. దాని పై అధికారి చంద్రమోహన్. సోలార్ కంపెనీల భూమి కాగితాలు చూసే తెలుగు జూనియర్లు ఏడుగురికి ఆయనే పెద్ద. ఏడుగురినీ ఒకే కాల్‌లోకి పిలిచాడు. అశ్విని స్పీకర్ పెట్టింది.

“అశ్వినీ, విడపనకల్లు భూమి కాగితాలు సాయంత్రానికి కావాలమ్మా.”

“కుదరదు సార్. ల్యాప్‌టాప్ పూజలో ఉండాది. మా నాయన రేపటిదాకా ముట్టనీడు.”

దాని ఉద్యోగం నిలబెట్టబోయి నేనే ఊడగొట్టానా?

“సార్, నాది కూడా పూజలో పెట్టినా” అంది ఇంకో గొంతు.

“రాప్తాడు నరేంద్ర” అని అశ్విని నా చెవిలో చెప్పింది.

“ఎప్పుడు పెట్టినావప్పా?” అన్నాడు చంద్రమోహన్.

“ఇప్పుడే సార్. కుంకుమ ఇంకా ఆరలేదు.”

“నాది కూడా సార్” అంది రేఖ అనే అమ్మాయి. “రూములో కుంకుమ లేదు, లిప్‌స్టిక్ పెట్టినా.”

ఫోన్ పగిలేలా అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది చంద్రమోహనే.

“మా నాయన గుంతకల్లు రైల్వే షెడ్డులో ఇంజనుకు అరటి పిలకలు కట్టేవాడు. పూజ అయ్యేదాకా దాన్ని కదలనిచ్చేవాడు కాదు. ఇంజనుకు దొరికిన విశ్రాంతి మీకు లేకుంటే ఎట్ల? రేపని క్లయింటుకు నేను చెప్పుకుంటాలే.”

“మరి బోనస్ సంగతి సార్?” అని అడిగేసింది అశ్విని.

ఆయన నవ్వడం ఆపి చెప్పాడు.

“అది కోసేటప్పుడు నేను నోరు మూసుకోని కూచున్నా. తప్పు నాదే. మీరంతా కలిసి పైవాళ్లకు అర్జీ రాయండి. మొదటి సంతకం నేను పెడతా.”

ఫోన్ పెట్టేశాక భయంభయంగా అడిగాను.

“రాజీనామా ఎప్పుడు రాస్తావు పాపా?”

“ఇప్పుడెట్ల పోతా నాయనా? అర్జీ రాసే పని ఉండాది. నాకంటే బాగా ఎవరు రాస్తారు?”

బోనస్ తిరిగి వస్తుందో రాదో తెలియదు. ఇలాంటి వాటిలో దేవుడు కలగజేసుకుంటాడా అన్నదీ నాకు తెలియదు. అడక్కుండా ల్యాప్‌టాప్ తీసిన తప్పుకు మాత్రం ఆయనకు దండం పెట్టుకున్నాను. నేను కళ్లు తెరిచేసరికి వంటింట్లో తల్లీకూతుళ్ల గొడవ మొదలైంది. నైవేద్యం కాకముందే అశ్విని పూర్ణం పెట్టి చేసిన ఓళిగ తుంచిందట.