పసుపు రాయని పాదాలు

జ్వరం వచ్చి పోయాక ఊళ్లో మనుషులు మూడు రకాలయ్యారు: పోయినవాళ్లు, మిగిలినవాళ్లు, కలిసినవాళ్లు. కలిసినవాళ్లంటే జ్వరం దిగాక ఒంట్లో ఏదో ఒకచోట జంతువు తేలినవాళ్లు. ఒకరికి తోక, ఒకరికి మెడ మీద జూలు, ఎక్కువమందికి మాత్రం పాదాల్లోనే. వాళ్లంతా బహదూర్‌పురా వైపు, జూపార్కు గోడల వెనక గుంపులు కట్టుకున్నారు. మిగిలినవాళ్లు కొందరు ఉప్పుగూడ స్టేషన్ వెనక గల్లీలో చేరి, రెండు చివర్లా ఆటోలు బోర్లించి అడ్డం పెట్టుకున్నారు. ఎవరికి భయపడి ఎవరు గోడ వెనక ఉన్నారన్నది అడిగేవాళ్లను బట్టి ఉంటుంది.

కొత్త మగవాళ్లను గల్లీలోకి రానిచ్చేది లేదని గల్లీ పెత్తనం చూసే ముకుంద్ తేల్చేశాడు. ఆడవాళ్లను పరీక్షించే పని ఆయన వదిన రాధాబాయికి వచ్చింది. చెప్పులు విప్పమని మొహం మీదే అడిగితే కొట్లాటలవుతున్నాయి. అందుకని ఆవిడ పీట వేసింది, గిన్నెలో పసుపు కలిపింది. ఇంటికొచ్చిన ముత్తయిదువ పాదాలకు పసుపు రాస్తానంటే కాదనేదెవరు? మర్యాదకు మర్యాద, తనిఖీకి తనిఖీ. అలా ఇద్దరు దొరికారు. ఒకామెకు మేక గిట్టలు. పసుపు పూర్తిగా రాసి, బొట్టు పెట్టి, ఆ తర్వాతే బయటికి పంపారు. పద్ధతి పద్ధతే కదా.

అయినా గల్లీలో కోళ్లు మాయమవుతూనే ఉన్నాయి. అడ్డాలు కదలలేదు, తాళాలు విరగలేదు, ఈకలు మాత్రం మిగులుతున్నాయి. మొదట కోళ్లు, తర్వాత మనుషులు అనేది అప్పటికే సామెత. దాంతో పక్కింటి పొయ్యి మీద ఏం ఉడుకుతోందో ముక్కుతోనే కనిపెట్టడం అందరికీ అలవాటైంది. నమస్తే చెప్పుకుంటూనే ఒకరి పళ్లు ఒకరు చూసుకుంటున్నారు.

సరిగ్గా అప్పుడే, ఒక మధ్యాహ్నం, రైలు పట్టాల మీదుగా లీలమ్మ వచ్చింది. ఒంటరిది, వయసు నలభై దాటి ఉంటుంది. మండే ఎండలో కాళ్లకు మందపాటి మేజోళ్లు.

"కూసో చెల్లె," అంది రాధాబాయి, పీట జరిపి. "కాళ్లకు పసుపు రాస్త."

"వద్దక్కా. మేం చర్చికి పోయేటోళ్లం. పసుపు పెట్టుకోం."

ఈ చిక్కు రాధాబాయికి అంతవరకూ రాలేదు. చుట్టూ చేరినవాళ్లు గుసగుసలాడారు.

"వదినా, గామె కాళ్లు దాస్తున్నది," అన్నాడు ముకుంద్. "పంపించెయ్. కోళ్ల సంగతి గిప్పుడు అర్థమైతున్నదా?"

"ఏం అర్థమైతున్నదన్నా?" అంది లీలమ్మ. "నేనొచ్చింది గిప్పుడు. మీ కోళ్లు పోయింది ఎప్పుడు?"

ఎవరో కిసుక్కున నవ్వారు. ముకుంద్ మాత్రం నవ్వలేదు. "బాహర్!" అని ఆటోల వైపు చెయ్యి చూపించాడు. బయట పట్టాల అవతల నుంచి ఏదో మొరిగింది. మొరిగినదానికి మాట కూడా వస్తుందేమోనని అందరూ ఒక్క క్షణం చెవులు రిక్కించారు.

లీలమ్మ మొహం పాలిపోయింది. పీట మీద కూలబడి మేజోళ్లు లాగేసింది. "పసుపు రాయకుండ్రి గనీ, కండ్లతోని సూడుండ్రి."

పగిలిన మడమలు, వాచిన చీలమండ, వంకరపోయిన చిటికెన వేలు. అచ్చంగా మనిషి పాదాలే. అంత కష్టపడ్డ పాదాలు జంతువుకు ఉండవు.

"తృప్తైందా?" అంది లీలమ్మ మేజోళ్లు తొడుక్కుంటూ. "మరి మీ మొగోళ్లకు ఎవరు రాస్తరు పసుపు?"

రాధాబాయికి నవ్వొచ్చింది. మగవాళ్ల కాళ్లకు పసుపేమిటి? ఆ నవ్వు సగంలోనే ఆగింది. ఇన్నాళ్లూ గల్లీలో ఒక్క మగవాడి పాదం కూడా ఎవరూ చూడలేదు.

ముకుంద్ రోషంగా బూట్లు విప్పి విసిరేశాడు. "సూస్కోండ్రి!" ఆయన వెనక మిగతావాళ్లూ విప్పారు. అందరివీ పాదాలే.

"మరి అన్న?" అన్నాడు ముకుంద్. రాధాబాయి భర్త విఠల్‌రావు మేడ మీద కాపలా ఉన్నాడు. ఎప్పుడూ ఆయనే ఉంటాడు. పడుకునేదీ అక్కడే.

"ఆయన కాలికి తామర. రోజూ వేపనూనె ఇస్తున్న గద."

"నూనె ఇచ్చినవు. కాలు చూసినవా?"

"పెండ్లయిన కాడినుంచి చూస్తున్న," అంది రాధాబాయి. అది అబద్ధం కాదు, జవాబూ కాదు. "ఉండు, మళ్లొకసారి చూసొస్త."

మేడ మీద వేపనూనె సీసాలు మూత తీయకుండా వరసగా ఉన్నాయి. విఠల్‌రావు ఆమె మొహం చూసి, కాన్వాసు బూట్లు విప్పాడు. బూడిదరంగు బొచ్చు, కింద మెత్తటి గులాబీ దిండ్లు. వేళ్ల కొసల్లోంచి గోళ్లు సిగ్గుపడ్డట్టు బయటికొచ్చి లోపలికెళ్లాయి.

"కోళ్లను తిన్నది మీరేనా?"

ఆయన తల వంచుకున్నాడు. "పప్పన్నం గొంతు దిగుతలేదు రాధా."

"ఉల్లిగడ్డ కూడా ముట్టని మనిషి!" అందావిడ. కోపం దేనిమీదో తేల్చుకోవడానికి కొంచెం సమయం పట్టింది. "నాకెందుకు చెప్పలే?"

"పసుపు గిన్నె పట్టుకొని కూసున్నది నువ్వే గద."

కింద మెట్ల దగ్గర ముకుంద్ పిలుపు వినిపించింది. "వదినా, నేను పైకి రావాల్నా?"

రాధాబాయి ఆ బూట్లు తీసి భర్త ఒళ్లో పడేసి, గబగబా దిగింది.

"చూసిన. తామరే. మస్తు పాకింది, అంటుకుంటది, పోకు."

ముకుంద్ రెండడుగులు వెనక్కి వేశాడు. జనం ఊపిరి పీల్చుకుని ఎవరి తలుపులు వాళ్లు వేసుకున్నారు. లీలమ్మ మాత్రం కదల్లేదు. దగ్గరకొచ్చి, రాధాబాయి కొంగుకు అంటుకున్న ఒక బూడిదరంగు వెంట్రుకను రెండు వేళ్లతో తీసింది. వెలుతురులో పట్టి చూసింది.

"ముకుంద్," అని పిలిచింది రాధాబాయి, ఆమె మీద నుంచి చూపు తిప్పకుండా. "లీలమ్మ మా ఇంట్లనే ఉంటది. వంటింటి పక్క గదిల."

ఇంత తెలిసిన మనిషిని బయట తిరగనివ్వడం కంటే ఇంట్లో ఉంచుకోవడమే మేలు. ఆ లెక్క లీలమ్మకూ అర్థమైనట్టుంది. వెంట్రుకను ఊదేసి, తన మూట చంకన పెట్టుకుంది.

"గదికి గొళ్లెం ఉన్నదా అక్కా?"

"ఉంది."

"లోపలా, బయటా?"

"రెండు వైపులా."