సీసాలో సమీకరణం

మీరు నన్ను చూసే ఉంటారు, గుర్తుపెట్టుకుని ఉండరు. నేను ఒక వెడల్పు మూతి గాజు సీసాను. కొలిమిలో పుట్టి, గడ్డిలో పడుకుని రాజమండ్రి చేరాను. కిరాణా కొట్టులో కొన్నాళ్లు నిమ్మతొన బిళ్లలు మోశాను. తర్వాత త్రిపురసుందరి గారింట్లో మాగాయ మోశాను. ఆవిడ డిగ్రీ కాలేజీలో లెక్కల లెక్చరరు.

ఆ ఏడు బీఎస్సీ జీవశాస్త్రం పిల్లలకు కొత్తగా అనువర్తిత గణితం పేపరు పెట్టారు. పదో తరగతి కాగానే లెక్కలకు దణ్ణం పెట్టి బైపీసీలోకి పారిపోయినవాళ్లు, దాక్కున్న చోటే దొరికిపోయారు. జీవుల సంఖ్య ఎలా పెరుగుతుందో చెప్పే సమీకరణాన్ని మేడం బోర్డు మీద రాస్తే, అందరూ దాన్ని కప్ప గుండె బొమ్మలా శ్రద్ధగా దించుకున్నారట. ఒకడు లేచి, "మేడం, దీనికి భాగాలు కూడా గుర్తించాలాండీ?" అని అడిగాడట. మేడం వంటింట్లో భర్తకు చెబుతూ నవ్వబోయి నవ్వలేకపోయింది.

ఎందుకంటే నాగవరలక్ష్మి అనే పిల్ల పరీక్షలో తెల్ల కాగితం ఇచ్చి, ఆనక వచ్చి నిలబడిందట. "చేపల మీద పరిశోధన చేద్దామనుకున్నానండి. ఈ ఒక్క పేపరూ అడ్డం పడిపోయింది. నాకు టీసీ ఇప్పించేయండి మేడం."

"కొంచెం ఆగమ్మా," అని పంపించేసిందట ఆవిడ.

ఇదంతా భర్తకు చెబుతుండగానే, వంటింటి గట్టున మగ్గిన అరటిపండు మీద ముసురుతున్న చిన్న ఈగలు ఆవిడ కంటబడ్డాయి. నన్ను కడిగి, పండు ముక్క వేసి, చిక్కిన నాలుగు ఈగల్నీ లోపలికి తోలి, మూతికి పల్చటి గుడ్డ కట్టి క్లాసుకు మోసుకెళ్లింది. నాలో మాగాయ వాసన ఇంకా పోనేలేదు.

"ఇవి ఎలా పెరుగుతాయో లెక్క కడదాం," అంది.

నాగవరలక్ష్మి భూతద్దం పెట్టి నాలోకి తొంగి చూసింది. "పెరగవండి."

"ఎందుకు పెరగవు? సమీకరణం ప్రకారం..."

"నాలుగూ మగవేనండి."

క్లాసు గొల్లుమంది. మేడం మొహం ఎర్రబడింది. అయినా ఆవిడ టీచరు కదా, సందు వదల్లేదు. "అయితే పెరుగుదల రేటు ఎంత?"

"సున్నా అండి," అనేసింది ఆ పిల్ల. లెక్కల ప్రశ్నకు తాను జవాబు చెప్పానని అప్పుడు తెలిసింది.

మర్నాడు ఆడ ఈగల్ని తనే పట్టుకొచ్చింది. ఆ తర్వాత నా కడుపు కడుపులా లేదు. రోజూ ఈగల్ని లెక్కపెట్టి బోర్డు మీద గీస్తున్న గీత కొండెక్కినట్టు ఎక్కి, ఒకచోట చతికిలబడింది.

"ఎందుకు ఆగింది?" అంది మేడం.

"తిండెక్కడుందండీ? చోటెక్కడుంది?"

"ఆ ఇరుకును సమీకరణంలో పెట్టు చూద్దాం."

నాగవరలక్ష్మి రాసింది, చెరిపింది, మళ్లీ రాసింది. ఆఖరికి లెక్క గీతతో సరిపోయేసరికి జవాబు చుట్టూ సుద్దముక్కతో గడి గీసింది.

సరిగ్గా అప్పుడు ప్రిన్సిపాల్ వీరభద్రరావు గారు వచ్చారు. లెక్కల క్లాసులో ఈగల్ని పెంచుతున్నారని ఎవరో చేరవేశారు. "ఏంటిది?" అంటూ నన్నెత్తి, గుడ్డ విప్పి, వాసన చూడబోయారు. పెద్ద చదువులు చదివినవారు కూడా మూత కనిపిస్తే ముందు తీస్తారు, తర్వాత అడుగుతారు. ఈగలన్నీ ఆయన మీసాల మీదుగా స్వేచ్ఛలోకి వెళ్లిపోయాయి.

ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ, "టీసీ కావాలందని మేడం చెప్పిన అమ్మాయి ఎవరు?" అన్నారు.

"నేనేనండి. ఇప్పుడు వద్దండి," అంది నాగవరలక్ష్మి. "లెక్కలో ఇంకా వలస కలపలేదండి. ఇప్పుడే మొదలైంది కదండీ."

ముందు నవ్వింది ప్రిన్సిపాలే. ఆ పేపరు ఆమె అత్తెసరు మార్కులతో గట్టెక్కింది. ఇప్పుడు చెరువుల్లో చేపల లెక్కలే ఆమె ఉద్యోగం.

నేను కాలేజీ బీరువాలో, ఫార్మలిన్‌లో తేలే కట్లపాము పక్కన ఉన్నాను. ఏటా సామాన్ల తనిఖీ జరిగినప్పుడు, ఇది లెక్కలవాళ్లదని జంతుశాస్త్రం వారు, జంతుశాస్త్రం వారిదని లెక్కలవాళ్లు వాదించుకుంటారు. మాది అని ఎవరైనా ఒప్పుకుంటే తప్ప పారేయడానికి లేదట. అందుకే క్షేమంగా ఉన్నాను.