బావ బండికి ఆరు పిస్టన్లు

మూడో సిలిండరులో పిస్టను ఏడు ముక్కలయింది. మేస్త్రి ఆ ముక్కలను వేళ్ళతో ఏరి పాత పళ్ళెంలో వేస్తుండగా షెడ్డు గుమ్మంలో అక్క కనిపించింది. కింది పెదవి చిట్లి ఉంది. ఎడమ మణికట్టు వాచిపోయి ఉంది. "టీ ఏమన్నా ఉందిరా?" అని అడిగింది, ఏమీ జరగనట్టు.

మేస్త్రి ఏం జరిగిందని అడగలేదు. బావ లారీ ఆగి నాలుగు రోజులయింది, అది చాలు. పదకొండేళ్ళుగా అతను చూస్తున్నది ఒకటే. లారీ తిరిగినన్నాళ్ళు బావ రోడ్డు మీద ఉంటాడు, అక్క ఒళ్ళు బాగుంటుంది. లారీ ఆగిందా, బావ ఇంట్లో ఉంటాడు, అక్క ఒళ్ళు హూనమవుతుంది. ముందు పన్ను ఊడింది గేర్‌బాక్సు పాడైన వారంలో. పక్కటెముక విరిగింది హెడ్డు గ్యాస్కెట్టు పోయినప్పుడు. అక్క మీద పడ్డ ప్రతి దెబ్బకూ ఆ లారీలో ఒక సామాను పేరు చెప్పగలడు మేస్త్రి. అందుకే ఆ బండికి ప్రాణం పెట్టి పని చేస్తాడు. చూసినవాళ్ళు బావంటే ఎంత ప్రేమో అనుకుంటారు. చూసేవాళ్ళకేం, ఏదో ఒకటి అనుకోవాలి.

లారీ పాతది. ఆరు సిలిండర్లు ఒకే వరుసలో ఉన్న పొడుగాటి ఇంజను. క్వారీ నుంచి రాళ్ళు దించడం దాని పని. కొండ దిగేటప్పుడు బ్రేకు తొక్కడం బావకు నామోషీ. చిన్న గేరులో వేసి ఇంజను గొంతు చించుకునేలా తోలుతాడు. నాలుగేళ్ళలో పిస్టన్లు పగలడం ఇది మూడోసారి.

అక్క టీ గ్లాసు కింద పెట్టకముందే బావ వచ్చాడు. మనిషి తలుపంత ఉంటాడు. ఎప్పుడూ నవ్వు మొహమే. కొత్తవాళ్ళు ఆయన్ని చూసి ఎంత కలుపుగోలు మనిషో అనుకుంటారు.

"ఏరా బావమరిదీ, నా పెళ్ళాన్ని దాచుకున్నావంట."

"దాచుకోవడానికి అదేమన్నా స్పేర్ పార్టా బావా? నాకు పనితో ఊపిరాడటం లేదు. బండి అయ్యేదాకా ఇంత వండి పడేస్తుందని నేనే రమ్మన్నా."

బావ నవ్వుతూనే మేస్త్రి మెడ పట్టుకుని ఇంజను బ్లాకు మీదికి వంచాడు. సిలిండరు బోరు అంచు చెంపను కోసింది. మేస్త్రి రక్తం ఒకటో సిలిండరులోకి చుక్కచుక్కగా కారింది.

"ఎన్ని రోజులు?"

"పది రోజులు బావా."

"బండి స్టార్టయిన రోజు ఇదీ బండెక్కాలి. తేడా వస్తే ఈ షెడ్డూ ఉండదు, నువ్వూ ఉండవు."

మేస్త్రి సరేనన్నాడు. మెడ ఒకడి చేతిలో ఉన్నప్పుడు కాదనేవాడెవడు? ఒప్పందం అలా కుదిరింది. ఇంజను మోగేదాకా అక్క ఇక్కడ, మోగాక అక్కడ.

మర్నాడు లేత్ తాత రెండు రకాల పిస్టన్లు తెచ్చి బల్ల మీద పరిచాడు. యాభై ఏళ్ళు లేత్ మిషను పక్కన నిలబడి చెవులు పోగొట్టుకున్న మనిషి. లోకమంతా తనలాగే చెవిటిదని నమ్మి అరిచి మాట్లాడతాడు.

"ఇవి పోత పిస్టన్లు. రేపటికి బోరు చేసిస్తా, ఎల్లుండికి బండి రోడ్డు మీద ఉంటుంది. మీ బావ తోలుడికి ఆర్నెల్లు వస్తే గొప్ప. ఇవి ఫోర్జింగువి, కాల్చి అచ్చులో పెట్టి గుద్దినవి. చావమన్నా చావవు. కాకపోతే వేడికి బాగా ఉబ్బుతాయి, అందుకని బోరులో ఖాళీ ఎక్కువ వదలాలి. వెంట్రుకంత తేడా కూడా రాకూడదు. నాకు వారం కావాలి. చల్లగా ఉన్నప్పుడు గోడలకి టకటకా కొట్టుకుంటాయి, అది రోగం కాదు. వేడెక్కితే నోరు మూసుకుంటాయి."

"వేడెక్కితే నోరు మూసుకునేవి లోకంలో ఇవొక్కటే కాబోలు," అంది అక్క. తాతకు వినపడలేదు.

మేస్త్రి ఫోర్జింగు పిస్టను అరచేతిలో పెట్టుకుని చూశాడు. ఇవి వేస్తే పదేళ్ళు ఇంజను విప్పే పని ఉండదు. విప్పకపోతే బావ ఇంట్లో కూర్చోడు. కూర్చోకపోతే అక్క జోలికి రాడు. పదకొండేళ్ళుగా వెతుకుతున్న మందు చేతికి దొరికినట్టయింది అతనికి.

"ఇవే వేస్తా. పదేళ్ళు గ్యారంటీ అక్కా."

"ఇంజనుకా, నాకా?"

"రెండూ ఒకటే కదా."

"తూకం నేను చూస్తాలే," అని అక్క చెయ్యి చాపింది.

ఆమె ఆ షెడ్డులో పుట్టి పెరిగినట్టే లెక్క. నాన్న పోయేదాకా ఆయన పక్కన స్పానర్లు అందించింది ఆమే. ఆరు పిస్టన్లూ ఒకే బరువు తూగాలి, లేకపోతే అవి తిప్పే క్రాంకు ఇరుసు వణుకుతుంది. ఎక్కువ తూగినదాన్ని లోపలివైపు ఆకురాయితో కాస్త రాసి, తుడిచి, మళ్ళీ తూచేది. పిస్టను రింగుల సందులు కొలత రేకుతో చూసేది. నాలుగో రోజుకు మణికట్టు వాపు తగ్గింది. ఐదో రోజు బోరు కొలత దగ్గర లేత్ తాతతో గొడవపడి నెగ్గింది. పన్నులేని సందు చేత్తో మూసుకుని పడీపడీ నవ్వింది. ఆ నవ్వు చూసి మేస్త్రికి కడుపు నిండిపోయింది. తను ఒక్కో బోల్టు బిగించేకొద్దీ ఆ నవ్వును తిరిగి పంపించే రోజు దగ్గరపడుతోందని మాత్రం అతనికి తట్టలేదు. తట్టబోతే పక్కకు నెట్టేసి పనిలో తలదూర్చాడు.

"కాస్త నిదానంగా చెయ్యకూడదురా," అందొకసారి హెడ్డు ఎక్కిస్తుంటే.

"ఆలస్యమైతే ఆయన ఊరుకోడక్కా."

"అవును, ఊరుకోడు," అంది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

పదో రోజు పొద్దున్నే బావ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చాడు. మేస్త్రి తాళం తిప్పాడు. ఇంజను ఒక్క ఊపులో అందుకుంది, అందుకున్న వెంటనే టకటకా కొట్టుకోవడం మొదలుపెట్టింది.

బావ మొహంలో నవ్వు పోయింది. "ఏంట్రా ఆ చప్పుడు?"

"చల్లగా ఉంది బావా. పది నిమిషాలు ఆగితే..."

బావ చేతిలోని వీల్ స్పానరు అతని కుడి ముంజేతి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు అంత మోతలోనూ మేస్త్రికి వినిపించింది. కిందపడ్డాక బావ బూటుకాలితో డొక్కలో తన్నాడు, మొహం మీద తన్నాడు. "నా బండిలో చెత్త సామాను వేస్తావురా? నాకే టోపీ పెడతావురా?" అడ్డం వచ్చిన లేత్ తాతను ఒక్క తోపు తోస్తే ముసలాయన వెళ్ళి బల్లకు గుద్దుకుని కూలబడ్డాడు. "వేడెక్కితే పోతుంది ఆ చప్పుడు, ఆగు," అంటూ అక్క బావ చెయ్యి పట్టుకుంది. మోచేత్తో వెనక్కి పొడిచాడు. ఆమె ముక్కులోంచి రక్తం బుడబుడా కారింది.

ఇంజను తన పాటికి తాను తిరుగుతూనే ఉంది. పిస్టన్లు వేడెక్కాయి. టకటక పలచబడింది, తగ్గింది, పోయింది. ఆరు సిలిండర్లూ ఒక్క గొంతుతో మెత్తగా గుర్రుమన్నాయి. బావ తల పక్కకు వంచి విన్నాడు. మొహం విప్పారింది.

"అబ్బ, ఏం పలుకుతోందిరా. ముందే చెప్పొచ్చుగా వెధవా."

గొంతుక్కూర్చుని మేస్త్రి మొహం మీది రక్తం తన తువ్వాలుతో తుడిచాడు. ప్రేమగానే తుడిచాడు. మేస్త్రికి దెబ్బలకన్నా ఆ తుడవడానికే ఎక్కువ భయమేసింది. బండి ఆగలేదు. కొత్తప్పుడు కూడా ఇంత బాగా తిరిగి ఉండదు. అయినా చెయ్యి లేచింది. లోపం ఇంజనులో ఉందనుకుని పదకొండేళ్ళు దాన్ని బాగుచేసుకుంటూ వచ్చాడు. బాగుచేసిన ప్రతిసారీ అక్కను వెనక్కి పంపించాడు. తన మీద తనకే అసహ్యం వేసింది.

"ఎక్కవే," అన్నాడు బావ.

అక్క కదలలేదు. బావ ఆమె జుట్టు పట్టుకుని క్యాబిను వైపు ఈడ్చాడు. ఆమె చెప్పులు రెండూ నూనె నేల మీద ఉండిపోయాయి. మేస్త్రి ఎడమచేత్తో బల్ల మీద ఉన్న, పిస్టనుకు తగిలించే పాత కనెక్టింగు రాడ్డు అందుకుని, ఉన్న బలమంతా పెట్టి బావ మోకాలి మీద పక్కనుంచి కొట్టాడు. మోకాలు వంగకూడని వైపుకు వంగింది. తలుపంత మనిషి అడ్డంగా పడి జంతువులా అరిచాడు. రెండో దెబ్బ అవసరం లేదు. అయినా కొట్టాడు, రెండో మోకాలి మీద.

"ఈ బండి ఉంటే నేను మళ్ళీ బాగుచేస్తానక్కా," అన్నాడు రొప్పుతూ. "చేసి నిన్ను మళ్ళీ పంపిస్తా. నా బుద్ధి నాకు తెలుసు."

స్పానరు తీసుకుని ఒంటిచేత్తో పాక్కుంటూ బండి కిందికి దూరి ఇంజను ఆయిలు దించే బోల్టు విప్పాడు. సలసల కాగుతున్న నూనె చేతి మీదా ఛాతీ మీదా పడి చర్మం ఊడొచ్చింది. అతను అరుస్తూనే విప్పాడు. అక్కకు ఎవరూ ఏమీ చెప్పలేదు. ముక్కు తుడుచుకుని డ్రైవరు సీటులోకి ఎక్కింది, యాక్సిలేటరు నేలకు అంటేదాకా తొక్కింది.

"నా బండి," అని ఏడ్చాడు బావ, మోచేతుల మీద పాకుతూ. "మీకు దణ్ణం పెడతా, దాన్ని చంపకండి." పెళ్ళాం విషయంలో ఎవరి మాటా వినని మనిషి, ఇనుము కోసం ఎంత దీనంగా బతిమాలాడో.

నూనె లేని ఇంజను ముందు గీపెట్టింది, తర్వాత ఊళపెట్టింది. షెడ్డు రేకులు వణికాయి. పిస్టన్లు మాత్రం బోరులో ఇరుక్కుని పట్టెయ్యలేదు. అంత ఖాళీ వదిలి, అంత ఓపిగ్గా తూచి పెట్టినవి.

"ఎంతసేపు పడుతుందిరా?" అని అరిచింది అక్క.

"మంచి పిస్టన్లక్కా. ఓపిక పట్టాలి."

ఆమె రెండో కాలు కూడా మొదటి కాలి మీద వేసి తొక్కింది. బానెట్టు సందుల్లోంచి నల్లటి పొగ లేచింది. చివరికి ఐదో సిలిండరు పట్టేసింది. దాని రాడ్డు తెగి, బ్లాకు గోడను పగలగొట్టుకుని బయటికొచ్చింది. ఇంజను లారీనంతా ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. బావ మూలుగు తప్ప ఇంకేమీ వినపడలేదు.

"కాలు తియ్యి అక్కా, చచ్చింది."

"నీకు నమ్మకమేనా?"

మేస్త్రి నూనెలో కూర్చుని, విరిగిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.

"నేను బాగుచెయ్యలేనంతగా చచ్చింది," అన్నాడు.

అప్పుడు తీసింది అక్క కాలు.