కాడ ఎందుకంటే

పువ్వంటే కాడ తీసేసి దేవుడికి పెట్టేదనే జయలక్ష్మికి తెలుసు. తణుకు నుంచి వచ్చి కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో ఇల్లు కట్టుకున్నా ఆ అలవాటు మారలేదు. అందుకే మేడ మీద కిరాయికుంటున్న నర్సు సుగుణ చెప్పిన మాట ఆవిడకి తన పద్ధతిలోనే అర్థమైంది.

"అక్కా, ఇయ్యాల రాత్రి గూడ దవాఖానలనే ఉంటా. జర మా పూలు కోసి నీళ్లల్ల పెట్టుండ్రి. ఎల్లుండి మా బిడ్డ సెలీనా పెండ్లికి బొకే కట్టాలె."

"అదెంత భాగ్యమమ్మా, నువ్వెళ్లిరా" అంది జయలక్ష్మి.

డాబా మీద కుండీల నిండా గ్లాడియోలస్. సుగుణ భర్త శామ్యూల్ బతికుండగా నాటిన దుంపలవి. ఆయన పోయినా అవి ఏటా పిల్లదుంపలు పెడుతూనే ఉన్నాయి. మాదాపూర్ వెళ్లే లారీల దుమ్ము పడితే సుగుణ ఆకుల్ని తడిగుడ్డతో తుడిచేది. నాన్న పూలతోనే చర్చిలోకి నడుస్తానని సెలీనా పట్టు.

నడుమెత్తు కాడలకి కింద రెండేసి పూలు విచ్చి, పైనంతా మొగ్గలు బిగిసి ఉన్నాయి. జయలక్ష్మి విచ్చినవాటిని ఒక్కటి వదలకుండా తుంచి, ఇత్తడి పళ్లెంలో నీళ్లు పోసి తేల్చి, తన పనితనానికి తనే మురిసిపోయింది.

పొద్దున్నే వచ్చిన సుగుణ పళ్లెం చూసి మెట్ల మీదే కూలబడింది.

"ఏందక్కా, తలకాయలు తెంపిన్రా? పెండ్లిపిల్ల పట్టుకోనీకి కాడ ఉండాలె గద."

జయలక్ష్మి లెంపలేసుకుంది. "నా చేతులు పడిపోనూ. బజారు నుంచి తెప్పిస్తానమ్మా."

"బజారుల వాళ్ల నాయన పూలు దొరుకుతయా?"

సుగుణ కళ్లు తుడుచుకుని, మిగిలిన మొగ్గల కాడల్ని మొదలంటా కోసి బకెట్టు నీళ్లలో నిలబెట్టింది. "విచ్చుకుంటే విచ్చుకుంటయి. ప్రార్థన చేస్త."

మట్టి లేదు, వేరు లేదు, తెగ్గోసిన మొగ్గ ఎక్కడైనా విచ్చుతుందా, పిచ్చి కాకపోతే! అయినా జయలక్ష్మి కాలు నిలవలేదు. అన్నం దగ్గర్నుంచి లేచి కూడా మేడెక్కింది. సాయంత్రానికి మొగ్గల చివర్లు ఎర్రబారాయి. పెళ్లినాటి పొద్దున ఆవిడ డాబా తలుపు తోసి గడప మీదే ఆగిపోయింది. తాను తుంచిన చోటుకి పైన, కింది మొగ్గ తరవాత పై మొగ్గగా, కాడకాడకీ పూలు విచ్చి ఉన్నాయి. ఎవరు చెప్పారు వీటికి, ఇంకా పూయమని? తెలియకుండానే చేతులు జోడించింది.

ఆ సాయంత్రం చర్చిలో వెనక బల్ల మీద కూర్చుంది జయలక్ష్మి. తెల్లచీరలో సెలీనా గుమ్మంలో ఆగింది. పక్కన తండ్రి నిలబడాల్సిన చోటు ఖాళీ. ఆ పిల్ల రెండు చేతులతో కాడల్ని గట్టిగా, తండ్రి వేలు పట్టుకున్న పసిదానిలా పట్టుకుని నడిచింది.

కాడ ఎందుకో జయలక్ష్మికి అప్పుడు తెలిసింది.