ఇత్తడి కూత

గేజి గ్లాసులో నీటిమట్టం సగం దాటాక గాని రాజరత్నం పొయ్యి తలుపు తియ్యలేదు. తీసి, ఊక ఎర్రగా కాలుతోందో నల్లగా మాడుతోందో చూసుకుని, ఇనప చువ్వతో కెలికి మూశాడు. సామర్లకోట అవతల ఆ ఉప్పుడు బియ్యం మిల్లులో బాయిలర్ ముందే అతనికి వయసు మళ్లింది. కనుబొమ్మల కొసలు మాడి పొట్టిగా ఉంటాయి. మెడ ముడతల్లో చేరిన బూడిద ఎంత రుద్దినా పోదు. కుడి చెంప ఎడమ చెంప కన్నా ఒక చాయ నలుపు. పొయ్యి ఎప్పుడూ అటువైపే.

షిఫ్టు మారే వేళకి ఆరోన్ వచ్చాడు. వచ్చినవాడు ఫోన్ చూసుకుంటూ గుమ్మంలోనే నిలబడ్డాడు.

“మీరెళ్లండి బాబాయ్. ఇంటి దగ్గర మీ చిన్న బాయిలర్ ఎదురుచూస్తుంటది.”

“అది నీకన్నా నయంరా. డ్యూటీలో ఫోన్ చూడదు.”

ఆరోన్ నవ్వి స్టూలు మీద కూర్చున్నాక గాని రాజరత్నం తువ్వాలు దులుపుకోలేదు. నిప్పు ఉన్నంతసేపు మనిషి ఉండాలి. చేరిన కొత్తలో పెద్ద ఫిట్టరు చెప్పిన మాట అది. మిల్లులోనే కాదు, ఇంట్లో భార్య రూబీ పాలు కాస్తూ వీధిలోకి వెళ్తే తనే వచ్చి పొయ్యి దగ్గర నిలబడేవాడు.

కాలవ గట్టు ఎక్కేచోట సైకిలు దిగాడు. ఈమధ్య అక్కడ దిగాల్సి వస్తోంది. గుండె మీద చెయ్యి పెట్టుకుని, ఊక దుమ్ము అనుకుంటూ, ఊపిరి కుదురుకునేదాకా నిలబడి మళ్లీ ఎక్కాడు.

వరండాలో కిటికీ కింద చెక్క బల్ల అతనిది. మీద అరలో మూడు బొమ్మ ఆవిరి ఇంజన్లు. ఒకటి రాజమండ్రిలో పాత సామాన్ల కొట్టులో, తుప్పు పట్టిన తాళాల మధ్య దొరికింది. ఇంకొకటి కాకినాడ నుంచి ఎవరో బాగుచెయ్యమని పంపారు. మూడోది రూబీది. టీ గ్లాసంత ఇత్తడి బాయిలర్, అడుగున స్పిరిట్ దీపం, పక్కన ఎర్ర చక్రం, నెత్తిన చిటికెన వేలంత కూత గొట్టం. రూబీ తాతగారు మిషన్ బంగళాలో వంట చేసేవారు. దొరలు వెళ్లిపోతూ ఆయన చేతిలో పెట్టారు దాన్ని. రూబీ చిన్నప్పుడు ఒక క్రిస్మస్ పొద్దున తాతగారు దీన్ని కూయిస్తే పేటలో పిల్లలంతా పరిగెత్తుకొచ్చారట. పెళ్లయిన కొత్తలో రూబీ ఆ కూతని నోటితో అనుకరించి చూపించింది కూడా. ఇంజను మాత్రం అప్పటికే కూత మానేసింది.

తక్కినదంతా రాజరత్నం నడిపించాడు. పిస్టన్‌కి కొత్త ప్యాకింగ్ వేశాడు, చక్రం తిరిగింది. కూత మీట లాగితే మాత్రం తుస్సుమని ఆవిరి పోయేది. స్ప్రింగు మార్చాడు, వాల్వు మార్చాడు. గొట్టాన్ని విప్పి చూద్దామంటే మర బిగుసుకుపోయింది. బలవంతం చేస్తే ఇత్తడి చిరుగుతుంది. రోజూ ఒక చుక్క కిరసనాయిలు వేసి ఊరుకునేవాడు.

అయితే ఊరుకునే రోజులు అయిపోయాయి. రూబీకి ఎడమ చెవి ఎప్పుడో పోయింది. కుడిచెవీ దిగిపోతోందనీ, ముందు సన్నని శబ్దాలే పోతాయనీ డాక్టరు చెప్పాడు. మొన్న ఆదివారం గుడిలో అందరూ పాట ముగించాక కూడా ఆమె పెదవులు కదులుతూనే ఉన్నాయి. ఆ కూత ఆమెకి ఇప్పుడు వినబడాలి. తరవాత బాగైనా లాభం లేదు.

అన్నం తిని బల్ల దగ్గర కూర్చున్నాడు. గొట్టానికి గుడ్డ చుట్టి, రెండు వేళ్లతో మెల్లిగా తిప్పాడు. తిరిగింది.

మర ఊడి గొట్టం చేతికొచ్చింది. తరవాత సాసర్లో వేడినీళ్లు పోసి గొట్టాన్ని అందులో వేశాడు. నీళ్లు గోధుమరంగుకి తిరిగాయి. కిరసనాయిలు వాసన వెనకాలే ఇంకో వాసన తేలింది. వంటింటి వాసన. సన్న తీగ పెట్టి లోపల గోకితే, కూత పలికే చీలిక దగ్గర్నుంచి ఒక ముద్ద ఊడిపడింది. ఇటుక పొడి, చింతపండు పీచు.

ప్రతి క్రిస్మస్‌కీ రూబీ ఇంట్లో ఇత్తడి సామాను పెరట్లో పరిచి చింతపండు, ఇటుక పొడితో తోముతుంది. తాతగారిదని ఈ ఇంజన్ని అన్నిటికన్నా ఎక్కువ తోముతుంది, చీర చెంగుతో తుడిచి మరీ అరలో పెడుతుంది. ఆమె ముచ్చటే ఏటికేడూ అందులోకి దిగి గడ్డకట్టింది.

రాజరత్నం భుజాలు అదిరేలా నవ్వాడు.

“ఏంటండీ, ఒక్కరే నవ్వుకుంటున్నారు?” గుమ్మంలోంచి రూబీ.

“ఏంలేదే. పాత మురికి.”

“నా ఇంట్లో మురికేంటి?”

“అదే కదా!” అన్నాడు. ఆమెకి ఆ మాట వినబడలేదు, లోపలికెళ్లిపోయింది. రూబీ చెల్లెలు మెర్సీ ఇంటికొస్తే గ్లాసుల అడుగులు ఎత్తి చూస్తుంది, ‘అక్కకి శుభ్రం పిచ్చి’ అంటుంది. ఈ సంగతి మెర్సీ ఎదురుగానే చెప్పాలి. క్రిస్మస్‌కి ఇద్దరూ చింతపండు నానబెట్టుకుని కూర్చున్నప్పుడు చెప్పాలి. ముద్దని అగ్గిపెట్టెలో పెట్టి, ఇంజను పీట కిందకి తోశాడు.

గొట్టాన్ని తిరిగి బిగించి, సీసాలో పట్టి ఉంచిన వాన నీళ్లు పోసి, దీపం వెలిగించాడు. చక్రం వేలితో ఒకసారి తోస్తే అందుకుంది. చిక్ చిక్ చిక్. మీట లాగాడు. సన్నగా, పదునుగా కూసింది.

వంటింట్లో గరిట చప్పుడు ఆగలేదు.

మళ్లీ లాగాడు. ఈసారి వదలకుండా పట్టుకున్నాడు. గరిట ఆగింది. రూబీ తడి చేతులతో పరిగెత్తుకొచ్చింది.

“ఆపండి బాబూ! చెవిలో సూది గుచ్చినట్టుంది!”

“వినబడిందా?”

“నాకేంటి, కుళాయి దగ్గరోళ్లందరికీ వినబడుంటది.” తరవాత ఆమె ముఖం మారింది. తడి చేతిని కుడిచెవి మీద పెట్టుకుంది, జారిపోకుండా పట్టుకున్నట్టు. “తాతయ్యదే. అదే కూత. ఇంకోసారి కూయించండి.”

కూయించాడు.

“ఇన్నాళ్లూ ఏమైందంట దానికి?”

“క్రిస్మస్‌కి చెప్తాను. మెర్సీ ఉండాలి.”

“మెర్సీ ఎందుకండీ మధ్యలో?”

“సాక్షానికి.”

“మీకూ మీ సాక్షాలకీ దండం. లోపలికి రండి, టీ పెడతాను.”

“నిప్పుంది కదే.”

ఆమె నవ్వుకుంటూ వెళ్లింది. టీ పొంగుతుండగా కూత ఇంకోసారి వినబడింది. కాస్త పొట్టిగా.

గ్లాసు పట్టుకుని వచ్చేసరికి దీపం కొండెక్కింది, చక్రం ఆగింది. రాజరత్నం కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. మీట మీది నుంచి జారిన చెయ్యి ఒళ్లో ఉంది. పొద్దున షిఫ్టు మనిషి, కునుకు పట్టిందనుకుంది. లేపబుద్ధి కాలేదు. టీ మీద సాసరు మూతపెట్టి, పక్కనే అరుగు మీద కూర్చుంది. టీ మీద మీగడ కట్టింది. నిప్పు ఆరాక కూడా అతను లేవకపోవడం ఆమె ఎన్నడూ చూడలేదు. అప్పుడు లేచి, భుజం మీద చెయ్యి వేసింది.

రాజరత్నం లేని ఆ క్రిస్మస్‌కి మెర్సీ వచ్చింది. ఇద్దరూ పెరట్లో ఇత్తడి సామాను పరిచి, చింతపండు పిసికారు. చివరికి రూబీ లోపలికెళ్లి ఇంజన్ని ఎత్తింది. పీట కింద అగ్గిపెట్టె. తెరిచి వెలుతురుకి పట్టుకుంది. ఎర్ర పొడి, గోధుమరంగు పీచు. చూసినకొద్దీ, ఇన్నాళ్లూ కూతని మూసినదేమిటో ఆమెకి తెలిసింది. మణికట్టు దాకా చింతపండు పులుసు అంటిన తన చేతుల వంక చూసుకుంది.

“ఏంటక్కా అది?” పెరట్లోంచి మెర్సీ గట్టిగా అడిగింది.

“మీ బావే... నిన్ను సాక్షానికి ఉండమన్నార్లే,” అంది రూబీ. నవ్వుతోందో ఏడుస్తోందో ఆ గొంతులో మెర్సీకి తెలియలేదు.

ఆ పండక్కి ఇంట్లో బిందెలు, పళ్లేలు, దీపపు కుందులు అన్నీ తళతళలాడాయి. అరలో ఇంజను ఒక్కటే మసకబారి ఉంది, దాని పక్కన సగం తెరిచిన అగ్గిపెట్టె.