కంపెనీ పైపు సైలెన్సర్

మా అల్లుడు యేసుకుమార్ సంచిలోంచి ఒక గొట్టం తీసి నా వెల్డింగ్ బల్ల మీద పెట్టాడు. చప్పుడు బయటికి రాకుండా నాటు తుపాకీ మూతికి తగిలించే సైలెన్సర్. మూర కన్నా పొట్టిది. పైన నల్ల పెయింటు. ఒక పక్క చీలింది.

“జర అతికియ్యి మామా. పందులు మక్కచేనంత తొక్కుతున్నయ్. చప్పుడైతే ఊరోళ్లు ఫారెస్టోళ్లకు ఫోన్లు జేస్తరు.”

అతని కుడి చేతికి కట్టు ఉంది. గ్రైండర్ తగిలిందని మా బిడ్డ శాలినితో చెప్పాడట. నేను కట్టు వైపు చూశాను. చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు.

“ఎవడు చేసిండు?”

“రామకృష్ణాపూర్‌ల ఒకాయన. గట్టిది మామా, కంపెనీ పైపు. స్క్రాపుల కొన్నడట.”

ఇక్కడ అందరికీ ఇదే పిచ్చి. కంపెనీది, అంటే బొగ్గుగనిలోంచి వచ్చిన ఇనుము, అరగదు, విరగదు అనుకుంటారు. గేట్లకు అదే, మంచాలకు అదే, చివరికి దీనికీ అదే. నేను గనిలో ఫిట్టర్‌గా ఆ పైపులే మార్చినవాణ్ణి. గని నీళ్లు పైపును లోపలి నుంచి తింటాయి. మీద పెయింటు కొడితే కొత్తదే.

లోపల గోరుతో గీకాను. తుప్పు పొరలుగా రాలింది.

“ఇది అతుకు పట్టదు. పట్టినా ఇంకో దిక్కు పగుల్తది. ఈసారి మొఖం మీదికే.”

“నేనెందుకు గాలుస్త మామా, నాకేమన్న పిచ్చా? సదయ్యకిస్త.”

సదయ్య అతని చేనుకు కావలి. బయట బండి దగ్గర బీడీ తాగుతున్నాడు.

నాకు మాటలు తక్కువ. ఒళ్లు మండితే అవి కూడా రావు. బయటికి పోయి సదయ్యను రెక్క పట్టుకొని లోపలికి లాక్కొచ్చాను.

“ఏంది కాకా, నన్ను గూడ అతికిస్తవా?” అని నవ్వాడు.

“దీంట్ల వేలు పెట్టు.”

పెట్టాడు. వేలు తుప్పుతో ఎర్రగా బయటికొచ్చింది.

“మా అల్లుని చెయ్యి గ్రైండర్‌కు తెగలె. దీనికే తెగింది. ఇప్పుడిది నీ చేతికిస్తడట.”

“మామా! ఇంట్ల ముచ్చట బయటోనికి చెప్తవా?”

“నీ చెయ్యి తెగితే శాలిని ఏడ్చింది. వీని చెయ్యి పోతే సారవ్వ ఏం జేస్తది, చప్పట్లు కొడ్తదా? ఆమె పెండ్లాం గాదా?”

సదయ్య నవ్వు పోయింది. “ఎరికుండే ఇస్తనన్నవా అన్నా?”

యేసుకుమార్ చేతి కట్టు సర్దుకున్నాడు. సదయ్య జేబులోంచి టార్చిలైటు తీసి బల్ల మీద పెట్టాడు.

“నీ చేను నువ్వే కాసుకో.”

చౌరస్తా వైపు నడిచి వెళ్లిపోయాడు.

“అయ్యిందా? కావలి ఎవడుంటడు, నువ్వుంటవా?” అల్లుడు నా మీదికి వచ్చాడు. “నువ్వు గాకుంటే శ్రీరాంపూర్ పోత. వెల్డింగోళ్లకు కరువా?”

గొట్టం కోసం ఎడమ చెయ్యి చాపాడు. నాకే ముందు అందింది. రైలుపట్టా ముక్క మీద పెట్టి సుత్తెతో కొట్టాను. గట్టిగా కూడా కొట్టలేదు. కుండ పెంకులా విచ్చుకుంది. అంచు అప్పడమంత పలుచన. అది చూస్తే కోపం ఇంకా ఎక్కువైంది. మళ్లీ కొట్టాను, మళ్లీ కొట్టాను.

ముక్కలు అతని సంచిలోనే వేసి, కట్టు లేని చేతికి తగిలించాను.

“ఇంటికి పో. శాలినికి చూపియ్యి. గ్రైండర్ ఇదే అని చెప్పు.”